మావోడికి మాట రాదు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదు. అప్పట్లో నాకు అక్షరాలు రావు, ఇంకొకరి చేత రాయిస్తే ఇందులోని మనిషి దొరికిపోతాడని భయపడ్డాను. అరవై దాటాక చదువు నేర్చుకుని, ఇప్పుడు నేనే రాస్తున్నాను.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే బస్సులో నా పక్కన కెమెరా సంచితో ఒకతను కూర్చున్నాడు. అంగళ్లకు, కంపెనీలకు వీడియోలు తీస్తానని, వాటిలో మాటలు కూడా తానే చెబుతానని అన్నాడు. నిండైన గొంతు.

కాసేపటికి వెనక సీట్లో ఇద్దరు రైతులు ఫోన్‌లో ఒక నర్సరీ వీడియో పెట్టారు. చీనీ మొక్కలను, అంటే బత్తాయి మొక్కలను, పొగుడుతూ అదే గొంతు వినిపించింది.

"ఈ మాటలు నమ్మే కదప్పా నాటింది! నాలుగేండ్లు సాకితే నోట పెట్టలేని అడివి కాయలు కాసినాయి."

"వాని గొంతు ఇనపడితే సాలు, ఆడనే నరుకుతా."

అతను కెమెరా సంచిని సీటు కిందికి తోశాడు. అంతలో కండక్టర్ వచ్చాడు.

"యాడికప్పా?"

అతను నోరు విప్పలేదు.

"ఏంది, మూగోనివా?"

రైతులు తలెత్తి చూశారు. నేనే అందుకున్నాను.

"మావోడు నాయనా, మాట రాదు. ఇద్దరికీ పులివెందులకియ్యి."

దిగేదాకా అతను నా కొంగు చివర వదల్లేదు. దిగాక దండం పెట్టి జనంలో కలిసిపోయాడు.

మరుసటి పొద్దున మా ఆయన ఫోన్‌లో బోరు మోటార్ల వీడియో మోగింది. అదే గొంతు. ఫోన్ లాక్కుని ఆపేశాను. "ఏమైందే నీకు?" అన్నాడు. ఆ మోటారు మాత్రం కొనొద్దన్నాను. ఎందుకో చెప్పలేదు.