ట్యాంకు వేయని ఎరువు

పోలీసు యాక్షన్ నాటి మహాకావ్యం ఒకటి చెప్తాను. అందులో ట్యాంకులున్నాయి, గుర్రాలున్నాయి. నిజం చెప్పాలంటే అది ఎరువు సంగతి.

సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు తిరుమలగిరి దగ్గర గోబీ తోట ఉందట. మిలిట్రీ లాయం నుంచి గుర్రపు లద్దె ఊరికే తెచ్చి వేసేవాడట.

"సర్కారు మారింది, సంబురమే. కానీ గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినయ్ బిడ్డా. ట్యాంకు లద్దె వేస్తదా?"

"వేస్తది పెద్దయ్యా, పొగ."

పడీపడీ నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. "గందుకే సీమ ఎరువు, గదే మందు సంచి, కొననీకి పోతున్న. గోబీ ఎంత మంచిగొచ్చినా లాభమంత గా సంచికే పోతది. ఇగ తోట ఇడిసిపెట్టుడే."

నేను కిటికీలోంచి వేలు చూపించాను. బయట వరసగా టాంగాలు, ఒక్కో గుర్రం వెనక ఒక్కో కుప్ప.

ఆయన తన టికెట్టు నా చేతిలో పెట్టి, తలగుడ్డ విప్పుకుంటూ పరుగెత్తాడు.

ఒక తోటను కాపాడిన వీరుణ్నని మెట్టుగూడ అంతా చెప్పుకు తిరిగాను. ఆ వీరుడికి తర్వాత ఎవరో చెప్తే తెలిసింది: లద్దె పచ్చిగా వేస్తే మొక్క మాడుతుంది. కనీసం మూడు నెలలు మాగబెట్టాలి.