నది పక్క కాలిబాట

ఇంగ్లండ్‌లో నది ఒడ్డునున్న ఒక చిన్న ఊరి చుట్టూ నడక దారులు చూపించే వెబ్‌సైట్‌ను ఏడాదిగా పాయా లేబర్ అనే పేటలోని మా ఆఫీసులో తయారుచేస్తున్నాం. ఏ పొలంలో గొర్రెలుంటాయో, ఏ గేటు మళ్లీ మూసి వెళ్లాలో, అన్నీ తెలుసుకుని రాసింది నేనే. చివర్లో మాలో ఒకరిని ఆ ఊరు పంపుతారన్నారు. నేను నడక బూట్లు కొని, ఆదివారాలు ఆంగ్ మో కియో పార్కులో వేసుకు తిరిగి అలవాటు చేసుకున్నాను.

ఈ రోజు మేనేజర్ నన్ను పక్కకు పిలిచారు.

"కిరణ్‌ని పంపుతున్నామమ్మా. నువ్వు మీటింగుల్లో ఒక్క మాటా మాట్లాడవు, క్లయింట్‌తో ఎలా? అతనికి అన్నీ వివరంగా చెప్పెయ్, సరేనా?"

సరేనన్నాను.

మధ్యాహ్నం కిరణ్ కాఫీ కప్పుతో నా సీటు దగ్గరికి వచ్చాడు.

"అంత డీటెయిల్‌గా వద్దులే. స్టేషన్ నుంచి హోటల్‌కి దగ్గర దారేదో చెప్పు చాలు."

"నది పక్క కాలిబాట."

"సూపర్. అసలు నువ్వు రావాల్సిందబ్బా. హాయిగా ఏటి ఒడ్డున కూర్చుని పుస్తకాలు చదువుకునేదానివి."

వాన పడితే ఆ బాట మోకాలి లోతు నీళ్లలో మునుగుతుందని నేను చెప్పలేదు. అతను వెళ్లే వారమంతా అక్కడ వానలు పడతాయట. ఆ హెచ్చరిక ఆ దారి పేజీలో అన్నిటికంటే పైన ఉంది. ఏడాదిలో ఒక్కసారి చదివినా అతనికి తెలిసేది.

మీరైతే చెప్పేవారా?