నేను చదివి వినిపించని పేరా

బరంపురం లైబ్రరీలో నేను చదివినదేదీ వృథా పోలేదని చాలాకాలం గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పదో తరగతితో బడి మానేశాను. అయినా డిక్షనరీ పక్కన పెట్టుకుని డాక్టర్లు చదివే పత్రికలు కూడా చదివేవాణ్ణి.

మా అక్క భర్త సోనేపూర్ తీరంలో చేపలవేటకు వెళ్ళేవాడు. షుగరు ఉంది. కుడికాలి రక్తనాళం మూసుకుపోయి వేళ్ళు చల్లబడ్డాయి. ఎక్స్‌రేలో చూస్తూ నాళంలోకి సన్నగొట్టం పంపి తెరవాలని, ఆలస్యం చేయొద్దని డాక్టరు చెప్పాడు. నాళం కనపడటానికి ఒక మందు ఎక్కించాలి. బావ కిడ్నీలు అంతంతమాత్రం కాబట్టి తక్కువే ఇస్తానన్నాడు. ఉన్న కిడ్నీలు కూడా పాడవుతాయని బావ ఆ మందుకే భయపడ్డాడు.

ఆ మధ్యనే నేనొక పత్రికలో చదివాను. ఎక్స్‌రే, ఆ మందూ లేకుండా ఎంఆర్ఐలో చూస్తూ కూడా ఈ పని చేయవచ్చట. చిక్కల్లా ఏమిటంటే మామూలు గొట్టం ఆ బొమ్మలో కనిపించదు, గొట్టాన్ని నడిపించే ఇనుపతీగను ఎంఆర్ఐ అయస్కాంతం దగ్గరికి తేకూడదు. అందుకని గొట్టం కొసకు ఒక పూత పూసి, అది ఎక్కడుందో తెలిసేలా చేస్తున్నారు.

"నీటిలో వల అవుపడదు గదా బావా. పైన తేలే బెండ్లు సూసి ఎక్కడున్నాదో సెప్పేత్తావు. ఇదీ అంతే," అన్నాను.

బావ ముఖం వెలిగిపోయింది. "ఒసే, ఇన్నావా? డాక్టరు అంతసేపు సెప్పినా నా బుర్రకెక్కనేదు. నీ తమ్ముడు ఒక్క ముక్కలో తేల్చీసినాడు. ఈడికి బడి మానిపించినోళ్ళని తన్నాల!"

"అదెక్కడ సేత్తారో కనుక్కోరా, అక్కడికే ఎల్దుము," అంది అక్క.

ఇదంతా ఇంకా పరీక్షల దశలోనే ఉందని అదే పత్రికలో చివరి పేరాలో రాశారు. అదీ చదివాను. బావ అంతగా మెచ్చుకుంటుంటే ఆ మాట చెప్పలేకపోయాను. ఏదో ఒక పెద్దాసుపత్రిలో దొరక్కపోతుందా అని కటక్‌కూ విశాఖకూ ఫోన్లు చేస్తూ మూడు వారాలు గడిపాను. అందరూ లేదన్నారు. ఈలోగా రెండు వేళ్ళు నల్లబడ్డాయి.

మొదటి డాక్టరు దగ్గరికే తిరిగి వెళ్ళాం. నాళం తెరుచుకుంది. కిడ్నీలకు ఏమీ కాలేదు. పాదం మాత్రం సగం తీసేశారు.

"అప్పుడే వచ్చుంటే వేళ్ళు మిగిలేవేమో," అన్నాడు డాక్టరు. ఎవరు ఆపారని అడగలేదు. అడిగినా బాగుండేది.

ఇప్పుడు బావ పడవెక్కడు. నన్ను చూస్తే గుమ్మంలోంచే కేకేస్తాడు. "రావోయ్ బామ్మర్దీ! సగం పాదానికి సెప్పు కుడతారంట గదా. దాని గురించి ఏటి సదివినావో సెప్పు!"

చదివాను, చాలానే చదివాను.

"డాక్టర్నే అడుగుదుము బావా," అంటాను.