అపెండిక్స్ పేరుతో పన్నెండు వారాలు

మా అమ్మ అబద్ధం ఆడితే సగంలో ఆపదు. నాకింకా మత్తు దిగకముందే, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చునే, ఫోన్‌లో ఎవరికో అపెండిక్స్ అని చెప్పేసిందట. నన్ను వార్డులోకి తెచ్చేసరికి తార్నాకలోని మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ, మల్కాజ్‌గిరిలో ఉండే మేనత్తకూ నా కడుపులోంచి తీసింది అపెండిక్సే.

నిజానికి తీసింది అండాశయం మీద పెరిగిన గడ్డ. చిన్న కొబ్బరికాయంత ఉందని డాక్టరమ్మ చేతులతో చూపించింది. బొడ్డు కింద నిలువుగా కోసి తీశారు. పెళ్లికాని పిల్లకు ఆ చోట కోత పడిందంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని అమ్మ భయం. "అపెండిక్స్ అంటే ఎవ్వలు ఏమడుగరు బిడ్డా. అది అందరికి ఉంటది, అందరికి పోతది" అంది. నేను కాదనలేదు. కాదనగలిగే మనిషినే అయితే గడ్డ కొబ్బరికాయంత అయ్యేదాకా ఎవరికీ చెప్పకుండా ఎందుకుంటాను?

డిశ్చార్జ్ రోజు అడగడానికి నా దగ్గర ఒకే ఒక్క ప్రశ్న ఉంది. రెండు రోజుల ముందే డైరీలో రాసి, కొట్టేసి, కుదించి పెట్టుకున్నాను. అయినా డాక్టరమ్మ ఎదురుగా నిలబడ్డాక మూడో ప్రయత్నానికి గానీ గొంతు దాటలేదు.

"బండి ఎప్పుడు నడపొచ్చు మేడమ్?"

"స్కూటీనా?"

"కాదు. మోటార్ సైకిల్."

ఆమె కాగితం మీంచి తలెత్తి నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది. కడుపులో ఉన్నవన్నీ చూశాక ముఖం అప్పుడు చూసింది.

"సెల్ఫ్ స్టార్టా, కిక్కా?"

"సెల్ఫ్ పనిచెయ్యదు మేడమ్."

"అయితే పన్నెండు వారాలు. పైన కుట్లు రెండు వారాల్లోనే మానతయ్, నువ్వు మంచిగైన అనుకుంటవ్. లోపలి పొరకు ఆ సంగతి తెల్వదు. నిండు బకెట్ ఎత్తొద్దు, కిక్ కొట్టొద్దు. ఎవరేమన్నా సరే, పన్నెండు వారాలు."

ఎవరేమన్నా అనే మాట ఎందుకు కలిపిందో నాకప్పుడు అర్థం కాలేదు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో నేను రీసెర్చ్ స్కాలర్‌ని. నలుగురిలో నోరు విప్పాలంటే అరచేతులు చెమటలు పడతాయి. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. తను ఏళ్లపాటు నడిపిన మోటార్ సైకిల్‌ను మొత్తం విప్పి, కడిగి, మళ్లీ బిగించి నాకిచ్చాడు. అప్పటినుంచి అందరూ నన్ను ధైర్యవంతురాలి కింద జమ కట్టారు. ఆడపిల్ల, అంత బండి, అని మెచ్చుకుంటారు. నిజమేమిటంటే, హెల్మెట్ పెట్టుకున్న మనిషిని ఎవరూ పలకరించరు. తార్నాక సిగ్నల్ దగ్గర అంతమంది మధ్య ఆగి, ఒక్కరితోనూ మాట్లాడక్కర్లేకుండా ఉండొచ్చు. నేను బండి నేర్చుకున్నది సాహసానికి కాదు, దాక్కోవడానికి. ఆ దాక్కునే చోటు ఇప్పుడు సెల్లార్‌లో కవరు కింద ఉంది. నేను బయట మిగిలాను.

మొదటి నెల డైరీ చదివితే ఇప్పుడు నవ్వొస్తుంది. "పదకొండో రోజు. తుమ్ము వచ్చింది. దిండు పొట్టకు అదుముకుని తుమ్మాను. బతికాను." "పంతొమ్మిదో రోజు. పక్కకు తిరిగి పడుకున్నాను. ఇంట్లో ఎవరూ గుర్తించలేదు." నవ్వితే కుట్లు లాగేవి కాబట్టి హాస్య పుస్తకాలన్నీ నాన్న చేత బీరువా మీదికి ఎక్కించి, వరసగా నాలుగు విషాద నవలలు చదివాను. వాటిలో రోగులు ఎంతో హుందాగా దగ్గుతారు. ఒక్కరూ దిండు వాడలేదు.

ఐదో వారంలో లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను, షేర్ ఆటోలో. షేర్ ఆటోలో దిగాలంటే అరవాలి. పొట్ట బిగించకుండా అరవడం ఎలాగో డాక్టర్లు చెప్పరు. ఇక్కడ ఆపండి అని నేనన్నది ఇంజన్ చప్పుడులో నా పక్కావిడకు కూడా వినపడలేదు. దిగాల్సిన చోటు దాటి చాలా దూరం పోయాక ఇంకెవరో దిగుతుంటే వాళ్ల వెనకాలే దిగి, వెనక్కి నడిచాను. ఆ రోజు డైరీలో "డాక్టర్ చెప్పినదానికన్నా ఎక్కువే నడిచాను" అని గొప్పగా రాసుకున్నాను. ఎందుకు నడవాల్సి వచ్చిందో రాయలేదు.

ఈలోగా అమ్మ చెప్పిన అబద్ధం తన పని తాను చేసుకుపోతోంది. మన దగ్గర అండాశయం గురించి ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, అపెండిక్స్ గురించి తెలియనివాళ్లు లేరు. మా పై ఫ్లోర్ ఆంటీ వాళ్లది కడప. అంకుల్ గవర్నమెంట్ ఆఫీసులో చేస్తారు. ఆమె లిఫ్టులో కనపడినప్పుడల్లా నా పొట్ట వైపు చూసి అడిగేది.

"ఇంగా తగ్గలేదామ్మా? మా మరిదికి అపెండిక్స్ తీసినాక పదో దినానికే ఆఫీసుకు పొయ్యినాడు. అదీ బస్సులో నిలబడుకొని!"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. నవ్వితే నొప్పి, కాబట్టి అదీ చిన్నగానే.

మేనత్త ఫోన్ చేసి అమ్మతో అంది: "ఏం అపెండిక్స్ అది వదినా? పిల్లను బాలింత లెక్క పండవెట్టినవ్!"

స్పీకర్‌లో నాకూ వినపడింది. బాలింత అన్న మాటకు అమ్మ ముఖం పాలిపోయింది. ఏ అనుమానం రాకూడదని అబద్ధమాడిందో, ఆ అనుమానాన్ని ఈ అబద్ధమే చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చింది.

విచిత్రం ఏమిటంటే ఏడో వారానికి నేనూ నమ్మడం మొదలుపెట్టాను. పది రోజుల జబ్బుకు యాభై రోజులు పడుకున్న బద్ధకస్తురాలిలా అనిపించింది. ఒక పొద్దున, నాన్న డ్యూటీకి వెళ్లాక, సెల్లార్‌లోకి దిగాను. కవరు తీసి దుమ్ము తుడవడానికి మాత్రమే. తుడిచాక, ఒక్కసారి డబుల్ స్టాండ్ మీంచి దించి చూద్దామనిపించింది. ముందుకు తోశాను. దిగింది. నొప్పి లేదు. చూశావా, అంతా బద్ధకమే అనుకున్నాను. ఆ మాట పూర్తి కాకముందే బండి అవతలి వైపుకు ఒరిగింది.

ఒరిగే బండిని పట్టుకోవడానికి ఎవరూ ఆలోచించరు. చేతులే పట్టుకుంటాయి. నావీ పట్టుకున్నాయి. పొట్ట బిగుసుకుంది. కోత కింద ఎక్కడో తాడు లాగినట్టయింది.

వదిలేశాను.

నాన్న ఒక్కో నట్టూ చేత్తో బిగించిన బండి సెల్లార్ మొత్తం అదిరేలా పడింది. అద్దం పగిలింది. వాచ్‌మన్ అన్న పరుగెత్తుకొచ్చాడు. కూరగాయల సంచితో లిఫ్టు దగ్గరున్న పై ఫ్లోర్ ఆంటీ కూడా వచ్చింది.

"అయ్యో, పట్టుకోకుండా వదిలేస్తివే!"

వాచ్‌మన్ అన్న హ్యాండిల్ పట్టుకున్నాడు. "మేడమ్, జర గా ఎనక పట్టుండ్రి. ఒక్కన్తోని లేవదు."

నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను.

"చూస్తా నిలబడుకున్నావేం?" అంది ఆంటీ. "ఒక చెయ్యి వెయ్యి. అపెండిక్స్‌కే ఇంత నాజూకా?"

"అపెండిక్స్ కాదు ఆంటీ." సెల్లార్‌లో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "అండాశయం మీద గడ్డ. పొట్ట నిలువునా కోసిండ్రు. లోపల ఇంకా మానలే. నేను ఎత్త."

అంత పొడుగ్గా, ఇద్దరి ముందు, ఎవరూ అడ్డం రాకుండా నేను మాట్లాడి ఎన్నేళ్లయిందో గుర్తులేదు. వాచ్‌మన్ అన్న పెట్రోల్ ట్యాంకును శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. ఆంటీ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని లిఫ్టెక్కింది.

జరిగింది చెబితే అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

"గంత మంది ముంగట చెప్పినవా?"

"ఇద్దరే ఉన్నరమ్మా."

"గా ఇద్దరు చాలు తార్నాక మొత్తానికి."

మధ్యాహ్నం ఆంటీ మా ఇంటికి వచ్చింది. అమ్మ మాట పడటానికి సిద్ధమై నిలబడింది. ఆంటీ తలుపు తనే వేసి, గడియ కూడా పెట్టి, సోఫాలో కూర్చుంది.

"అప్పుడు నాకు ఆపరేషన్ చేసి తీసింది గూడా అపెండిక్స్ కాదక్కా. గర్భసంచి."

"మీరు గప్పుడు..." అంది అమ్మ.

"అపెండిక్స్ అనే చెప్తి. మూడో ఫ్లోర్ టీచరమ్మది గూడా అంతే. ఆమె నాకు చెప్పె, నేను ఆమెకు చెప్తి. ఇంకెవురికీ చెప్పలే."

నేను ఉండబట్టలేక అడిగాను. "మరి మీ మరిదిది ఆంటీ?"

"వానిది నిజంగా అపెండిక్సే. మొగోడు కదా, దాపెట్టేదానికేముంది?"

తర్వాత తన సంగతి చెప్పింది. ఐదో వారంలో ఇంటికి చుట్టాలొచ్చారు. వంట మధ్యలో గ్యాస్ అయిపోయింది. అపెండిక్స్ తీసిన మనిషి ఇన్నాళ్లకూ సిలిండర్ జరపలేదంటే ఏమనుకుంటారోనని తనే వంగి లాగింది. లోపలి కుట్లు ఊడి పేగు పొడుచుకొచ్చింది. మళ్లీ కోసి, వలలాంటి మెష్ పెట్టి కుట్టారు.

"రెండోసారి అందరికీ ఏం చెప్పిండ్రు?" అంది అమ్మ.

"గాల్ బ్లాడర్ అని."

ముందు అమ్మే నవ్వింది. నేను దిండు వెతుక్కున్నాను. ఆంటీ కూడా కళ్లు తుడుచుకునేదాకా నవ్వి, వెళ్లేముందు నా భుజం మీద చెయ్యి వేసింది. "బండి పోతే పోయింది. వదిలేసినావు చూడు, మంచి పని చేసినావు. నేను సిలిండర్ వదల్లేదు."

మా బిల్డింగ్‌లో నాకు తెలిసిన ఏ ఆడమనిషికీ ఇంతవరకూ అపెండిక్స్ పోలేదని ఆ రోజు తేలింది. తర్వాతి ఐదు వారాలు లిఫ్టులో మరిది ప్రస్తావన రాలేదు. మేనత్తకు మాత్రం అమ్మ ఇప్పటికీ అపెండిక్స్ అనే చెబుతోంది.

పన్నెండు వారాలు నిండాక డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి సరే అంది. కొద్ది దూరంతో మొదలుపెట్టమంది. నాన్న అప్పటికే వంగిన బ్రేక్ పెడల్ సాపు చేసి, అద్దం మార్చి పెట్టాడు. ఎలా పడిందని ఒక్కసారి కూడా అడగలేదు. పొద్దున్నే సెల్లార్‌లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను కొట్టనా కిక్కు?"

"వద్దు."

మొదటిదానికి బండి పలకలేదు. రెండోదానికి దగ్గింది. మూడోదానికి అందుకుంది. క్యాంపస్ రోడ్డులో స్పీడు పది దాటలేదు నేను. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా నన్ను అందుకుంటూ, కొంతదూరం నాకు తోడుగా వచ్చినట్టే నడిచాడు. అయినా హెల్మెట్ లోపల నేను పాట పాడుకున్నాను. గట్టిగానే.

సాయంత్రం లైబ్రరీ మెట్లు దిగుతుంటే కోత చుట్టూ బరువుగా అనిపించింది. నొప్పి కాదు, నొప్పి అని చెప్పుకోవడానికి చాలనిది. ఇల్లు పది నిమిషాలు. డాక్టర్ అనుమతి ఉంది. ఇన్ని వారాలు ఎదురుచూసింది ఈ ఒక్క రోజు కోసం. బండి పక్కన నిలబడి సీటు మీద చెయ్యి వేసి చాలాసేపు ఆలోచించాను. ఇంకో మూడు కిక్కులు, అంతే. కానీ ఆ మూడు కిక్కులు కొట్టేది పొద్దున్నే హాయిగా లేచిన మనిషి కాదు, ఇప్పుడు మెట్లు దిగిన మనిషి.

హ్యాండిల్ లాక్ చేసి, హెల్మెట్ చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచి, ఆటో ఎక్కాను.

నాన్న గుమ్మంలోనే అడిగాడు. "బండేది?"

"లైబ్రరీ కాడ పెట్టొచ్చిన."

"ఆగిపోయిందా?" అప్పుడే చూపు టూల్ బాక్స్ మీదికి పోయింది.

"బండి మంచిగనే ఉన్నది. నేనే అలిసిపోయిన."

నాన్న నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. "రేపు తెస్తవా?"

"చూస్తా. రేపు కాకుంటే ఎల్లుండి."

"సరే తీయ్," అన్నాడు. "చెట్టు కింద పెట్టలే గద? కాకులు సీటు ఖరాబ్ చేస్తయ్."

"లే," అన్నాను.

చెట్టు కిందే పెట్టాను.