గరికకు నీళ్ళు పోసిన పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ పోయారన్న కబురు నాకు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్ల మీద అందింది. కోచింగ్ సెంటర్‌లో పొద్దుటి క్లాసు చెప్పి దిగుతున్నాను. వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. "మేడం, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, మంచిగనే మాట్లాడింది, గట్లనే ఒరిగింది" అంది. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. ఈ ఏడు పచ్చిక ఎప్పుడు కోయాలో ఆవిడను అడగనే లేదే అనుకున్నాను. ముందు సిగ్గేసింది. తర్వాత, ఈ మాట వింటే ఆవిడే అందరికంటే ఎక్కువ నవ్వేదని తోచి, ఏడుపులోనే నవ్వొచ్చింది.

మాది ఎల్బీనగర్‌లో ఒక చిన్న కాలనీ. మధ్యలో నాలుగు ఇళ్ళ స్థలమంత పార్కు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డదాన్ని. నోరున్న మనిషినని నన్ను పార్కు కమిటీకి కార్యదర్శిని చేశారు. ఆ ఉత్సాహంలో గడప గడపకీ తిరిగి, అందరినీ ఒప్పించి, ఆ మట్టి నేలలో పచ్చిక వేయించాను. నర్సరీ అతను దానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి చెప్పాడు. మేమంతా గౌరవంగా తలలాడించాం.

మర్నాడు పెద్దమ్మ వచ్చారు. నల్లగొండ దగ్గర పల్లెలో పుట్టి, అక్కడే వ్యవసాయం చేసి, కొడుకు ఇక్కడ లారీ నడుపుతాడని వచ్చి మూడో అంతస్తులో కిరాయికి ఉండేవారు. గడ్డి ముందు గొంతుక్కూర్చుని, ఒక పోచ తెంపి, కణుపు చూసి, నా వైపు తిరిగారు.

"బిడ్డా, గిదేంది? గరికనే గదా?"

"కాదు పెద్దమ్మా, ఇది లాన్ గడ్డి" అన్నాను, నాకు తెలిసినట్టు.

"ఏ ఊర్ల వుట్టినా గరిక గరికనే. యాభై ఏండ్లు పీకిన దీన్ని. పత్తి చేన్ల పీకిన, పొలం గట్టు మీద పీకిన. పీకి పీకి నా నడుం వంగింది గని ఇది వంగలే. దీన్ని తెచ్చి పెంచుతున్నరా మీరు?"

అని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అలా నవ్విన మనిషి మర్నాడు పొద్దున్నే చెప్పులు విడిచి ఆ గడ్డి చివర నిలబడి కనిపించారు. ఏం పెద్దమ్మా అంటే, "పట్నమొచ్చినంక కాళ్ళకు మన్ను తగలనే లేదు బిడ్డా" అన్నారు. ఆవిడకు ఆ పార్కు ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

చలికాలం వచ్చేసరికి నా పచ్చిక పసుపెక్కింది. నేను హడలిపోయి పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని తడిపాను. గుప్పిళ్ళతో యూరియా చల్లాను. పచ్చబడింది మధ్యలో మొలిచిన కలుపు, తుంగ ఒక్కటే. దోమలు కూడా బాగానే పెరిగాయి. పెద్దమ్మ వచ్చి నా చేతిలో పైపు లాగేసుకున్నారు.

"సలికాలం ఇది పండుకుంటది. పండుకున్నోళ్ళ మీద నీళ్ళు కుమ్మరిస్తరా ఎవరన్న?"

కానీ కాలనీకి ఈ నిద్ర సంగతి తెలియదు. గడ్డి చచ్చిందని అందరూ తేల్చేశారు. మా కమిటీ అధ్యక్షులు పెద్ద ఉద్యోగం చేసి రిటైరయినవారు. నేలంతా సిమెంటు టైల్స్ పరిపిస్తే పీడా పోతుందని, ఆదివారం మీటింగు పెట్టారు. నేను నోరెత్తలేకపోయాను. ఏ ముఖంతో ఎత్తను, ఇల్లిల్లూ తిరిగి వేయించింది నేనే కదా. అందరూ పార్కులో కుర్చీలు వేసుకుని తలూపుతుంటే, పిలవని పెద్దమ్మ కొడవలి పట్టుకుని నడిచొచ్చారు. కూర్చుని కొడవలి కొనతో ఒక మూల తవ్వారు. ఎండిన పోచల కింద తెల్లటి వేరు, కణుపు దగ్గర మొలక. దాన్ని తీసుకెళ్ళి అధ్యక్షుల అరచేతిలో పెట్టారు.

"సారూ, యాభై ఏండ్లు దీన్ని సంపాలని చూసిన. నాతోని కాలే. గింత సలికి సస్తదా ఇది? ఉగాది దాంక ఆగుండ్రి. అప్పటికి పచ్చగ గాకుంటె మీ బండలు మీరు పర్సుకోండ్రి."

అధ్యక్షులు చేతిలోని మట్టి వంకా, ఆవిడ కొడవలి వంకా చూసి, సరే పెద్దమ్మా అన్నారు.

శివరాత్రి వెళ్ళిన వారం ఆవిడ నన్ను పిలిచి, గడ్డి మొత్తం నేలకంటా కోసేయమన్నారు. ఉన్న కాస్తా గొరిగేస్తే ఉగాదికి ఏం చూపిస్తామన్నాను. ఆవిడ వినలేదు. కోయించారు, ఎండు పోచలు పళ్ళ పారతో గీకించారు, కాళ్ళ కింద గట్టిపడిన చోట గడ్డపారతో పొడిపించారు. కొడుకు లారీ బాటసింగారం పండ్ల మార్కెట్టుకు వెళ్తే తిరిగొచ్చేటప్పుడు అక్కడి రైతుల దగ్గర చివికిన పశువుల పెంట తెప్పించారు. దాన్ని జల్లించి, ముగ్గు వేసినట్టు చల్లారు. రెండు వారాలు కాలనీలో అందరూ నన్ను జాలిగా చూశారు. నేను పార్కు ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి ఇంటికి పోయేదాన్ని. ఒకరోజు పెద్దమ్మే బాల్కనీలోంచి కేకేసి, "దొంగ లెక్క గట్ల పోతవేంది, వచ్చి సూడు" అన్నారు. చూస్తే నేలంతా సన్నగా ఆకుపచ్చ. ఉగాది పచ్చడి మేం ఆ గడ్డి మీదే కూర్చుని తిన్నాం. మొదట చెప్పులు విడిచింది అధ్యక్షులే. టైల్స్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత ఏటేటా, ఏడాది పొడుగునా పార్కుకు ఆవిడే పంచాంగం. ఎండాకాలంలో రోజూ చిలకరిస్తే ఊరుకునేవారు కాదు. వారానికి రెండుసార్లు, పొద్దు పొడవక ముందు, లోపలికి దిగేదాకా తడపాలి. వానల్లో వారానికోసారి కోత. తుంగ పీకేది వాన వెలిసిన పూటే, అప్పుడే గడ్డతో సహా వస్తుంది. వినాయక చవితికి కాలనీ అంతా గరిక కోసం అక్కడికే వచ్చేది. పెద్దమ్మ గేటు దగ్గర కూర్చుని, "కొసలు గిల్లుండ్రి, వేరు గుంజకుండ్రి, దేవునికి వేర్లెందుకు" అనేవారు. దేవుడికి ఇవ్వడంలో కూడా పిసినారితనమేనని నేను ఆటపట్టిస్తే, "నువ్వు యూరియా వోసినదానివి, నువ్వు మాట్లాడకు" అని నా నోరు మూయించేవారు. ఎన్నేళ్ళయినా ఆ యూరియా నన్ను వదల్లేదు. దసరా దాటాక చివరిసారి ఎరువు, ఆ తర్వాత కాస్త పొడుగ్గా పెరగనిచ్చి, ఇక దాని నిద్ర దానిది.

నాకు మా అమ్మ దగ్గరా, చదువు చెప్పినవాళ్ళ దగ్గరా దొరకని ఓపిక ఆవిడ దగ్గర దొరికింది. ఈ ఏడు శివరాత్రి వెళ్ళాక నేనే కోయిస్తాను. భయంగానే ఉంది, కానీ కోయిస్తాను.

పదో రోజు కర్మకు ఊరి నుంచి ఆవిడ తమ్ముడు వచ్చారు. అరవై దాటిన రైతు. భోజనాలయ్యాక మాటల్లో ఈ కథంతా చెప్పాను. ఆయన నమ్మలేదు.

"మా అక్క గరికకు నీళ్ళు వోసిందా? చేన్ల గరిక కనవడితే పీకేదాంక బువ్వ ముట్టకపోయేది అమ్మా ఆమె" అన్నారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

తీసుకెళ్ళి చూపించాను. చలికాలం కదా, పచ్చిక పసుపు రంగులో పడుకుని ఉంది. ఆయన చుట్టూ ఒకసారి నడిచి, ఒక చివర కూర్చుని, వేరుతో సహా ఒక తీగ పెకిలించారు. రైతు కదా, విసిరి పారేస్తారనుకున్నాను. రుమాలు తడిపి తెమ్మన్నారు. అందులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఊళ్ళో వాళ్ళు చూస్తే ఏమంటారండీ?" అన్నాను.

"నవ్వుతరు. నవ్వనీ. ఇంటి ముందర గోలెంల మన్ను వోసి వెడ్త. చేన్లకు మాత్రం పోనియ్య."

స్కూటర్ మీద ఎల్బీనగర్ చౌరస్తాలో దింపాను. నల్లగొండ బస్సు కిక్కిరిసి వచ్చింది. ఆయన ఎక్కి ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకున్నారు. బస్సు కదిలే వరకూ చూస్తూ నిలబడ్డాను. నలుగురూ నెడుతున్నా ఆయన రెండో చెయ్యి జేబు మీద నుంచి తీయలేదు.