దేవుడి గొంతుకు చేతకాని మాట

"ఏడాది దాటినా మా పిల్ల ఇంకా నడవడం లేదు మావయ్యా. నరాల్లో ఏమైనా లోపమంటావా?"

"నడుస్తుంది" అన్నాడు మావయ్య. మామూలుగా అనలేదు, మేఘాల మీద నిలబడి వరమిచ్చినట్టు అన్నాడు.

ఆయన తప్పేం లేదు. మా అమ్మ తమ్ముడు డబ్బింగ్ కళాకారుడు. భక్తి సినిమాల్లో దేవుళ్ళకూ మహాత్ములకూ ఏళ్ళ తరబడి ఆయనదే గొంతు. ఆ గొంతుతోనే పచ్చిమిరపకాయలు బేరమాడతాడు. అమ్మేవాడు వినయంగా తలవంచుతాడు, ధర మాత్రం తగ్గించడు.

నేను జీవశాస్త్రం చదివినదాన్ని, వరాలు నమ్మను. డాక్టరు ఇంకొన్నాళ్ళు చూద్దామన్నాడు కానీ, నేను పిల్ల ఎదుగుదలకు గ్రాఫు గీసి ఫ్రిజ్ మీద అంటించాను. రోజూ దాన్ని చూసి శాస్త్రీయంగా భయపడతాను.

ఈసారి మావయ్యకు వచ్చిన సినిమాలో మహాత్ముడికి అనుమానం పుడుతుంది. అన్నీ వదిలేసి కన్నబిడ్డ దగ్గరికి పారిపోవాలనిపిస్తుంది. "నేను చెప్పిందంతా నిజమేనా? నాకు తెలియదు" అంటాడు. సినిమా ఇంకా పూర్తి కాకుండానే కొందరు పెద్దలు మనసులు గాయపరచుకుని స్టూడియో ముందు బైఠాయించారు. దర్శకుడి బాధ వేరు.

"మీరు తెలియదంటుంటే అన్నీ తెలిసినట్టే ఉంది సార్. రేపటికి కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటాం" అన్నాడట.

ఆ సాయంత్రం నేను పిల్లతో వెళ్ళేసరికి మావయ్య హాల్లో పచార్లు చేస్తూ, తనకు తెలియదని లోకానికి ప్రకటిస్తున్నాడు. పిల్ల సోఫా పట్టుకుని లేచింది, చెయ్యి వదిలింది, కూలబడింది. నాకు ఏడుపొచ్చింది.

"వరాలొద్దు మావయ్యా. నిజం చెప్పు. నడుస్తుందా?"

నోరు తెరిచాడు. పిల్ల వంక చూశాడు, నా వంక చూశాడు.

"తెలీదమ్మా" అన్నాడు సన్నగా.

వంటింట్లోంచి అత్తయ్య అడిగింది. "ఎవరమ్మా వచ్చింది? కాఫీ పెట్టనా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ గొంతు వినలేదు మరి.

"ఎవరూ రాలేదు, నేనే" అన్నాడు మావయ్య అదే గొంతుతో.

"ఒంట్లో బాలేదా ఏంటి?" అంటూ అత్తయ్య వచ్చేసరికి ఆయన చెప్పులేసుకుంటున్నాడు, ఆ గొంతు పోకముందే స్టూడియో చేరాలని.

ఒక్క టేకులో అయిపోయింది. సినిమా విడుదలైంది. బైఠాయించిన పెద్దలు ఇప్పటికీ చూడలేదు. చూస్తే గాయం మానిపోతుందని భయం కాబోలు.

పిల్ల ఇంకా గోడలు పట్టుకునే తిరుగుతోంది. నడుస్తుందా అని ఎవరైనా అడిగితే నేనిప్పుడు గ్రాఫు చూపించడం లేదు. మావయ్య చెప్పినట్టే చేస్తున్నాను.

"తెలియనప్పుడు తెలియదనే చెప్పమ్మా. చెప్పేటప్పుడు దాని చెయ్యి మాత్రం వదలకు."