ఉప్పునీళ్ళలో ఊదారంగు ఆకు

పదకొండో తరగతిలో నేను బయాలజీ గ్రూపు తీసుకోవడం మా నాన్నకు మొదటినుంచీ గిట్టలేదు. తమిళనాడు ధర్మపురిలో మాది కిరాణా అంగడి. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం.

“సైన్సు చదివి సరక్కు అమ్ముతావా? కామర్సుకు పో. కణక్కన్నా, లెక్కాచారమన్నా వస్తాది,” అన్నాడు ఆ రోజు పొద్దున. మధ్యాహ్నం బడికొచ్చి గ్రూపు మార్పించేస్తానని చెప్పి అంగడికి వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే మా మొదటి ప్రాక్టికల్! నీరు, లవణాలు, ప్రోటీన్లు, కణం అంటూ అప్పటికి పేజీలకు పేజీలు చిలకలా వల్లించాను గానీ ఒక్క కణాన్నీ కళ్ళారా చూడలేదు. చూడకుండా ఆ గ్రూపు వదిలేది లేదని మొండికేశాను.

అంగడి వాళ్ళమ్మాయినని టీచర్ ఉప్పునీళ్ళు నన్నే తెమ్మన్నారు. పలచగా కలపమన్నారు కూడా. కానీ మా ఇంట్లో ఉప్పంటే మావడు ఊరగాయే. ఎండాకాలం వస్తే అవ్వ మామిడి పిందెల్ని జాడీలో పోసి, గుప్పిళ్ళతో రాళ్ళ ఉప్పు చల్లి మూత పెడుతుంది. ఒక్క చుక్క నీళ్ళు పోయదు. మర్నాడు చూస్తే పిందెలు ముడుచుకుని, జాడీలో నీళ్ళు ఊరి ఉంటాయి. నేనూ అదే చేత్తో సీసాలో ఉప్పు వేశాను.

వెనకవైపు ఊదారంగులో ఉండే ఆకు నుంచి పొర ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టారు. అబ్బ! గోడకు పేర్చిన ఇటుకల్లా కణాలు. ఒక్కొక్క ఇటుక నిండా ఊదారంగు. నాకు ఒళ్ళు పులకరించింది. నా సీసాలోని చుక్క పడిందో లేదో, రంగంతా గోడల్ని వదిలి మధ్యకు ముడుచుకుపోయింది.

“టీచర్, మావడు!” అని అరిచాను. క్లాసంతా గొల్లుమంది.

“అదే మరి. బయట ఉప్పు ఎక్కువైతే లోపలి నీళ్ళు బయటికి వచ్చేస్తాయి,” అన్నారు టీచర్ తమిళంలో. “ఇప్పుడు మంచినీళ్ళు వెయ్యి. మళ్ళీ నిండుతుంది.”

వేశాను. కదల్లేదు. మళ్ళీ వేశాను. ఊహూఁ.

“ఉప్పు ఎంత వేశావు?”

గుప్పిట చూపించాను.

“తల్లీ, చంపేశావు కదా! బతికున్న కణమే నీళ్ళు తీసుకుని మళ్ళీ నిండుతుంది.”

ఏడుపొక్కటే తక్కువ. తలెత్తితే గుమ్మంలో నాన్న. “రా, ఆఫీసుకు పోదాం,” అంటున్నాడు.

“నాన్నా, నీకు దండం పెడతా, కొంచెంసేపు ఆగు!”

ఇంకో పొర ఒలిచాను. ఉప్పునీళ్ళలో బాగా నీళ్ళు కలిపి పలచన చేశాను. ఒక చుక్క వేశాను. రంగు నెమ్మదిగా ముడుచుకుంది. మంచినీళ్ళ చుక్క వేసి, నాన్న రెక్క పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆయన ఒక కన్ను గట్టిగా మూసుకుని వంగాడు. లోపల పలచటి పొర ఒకటి ఉందనీ, అది నీళ్ళను రానిస్తుందనీ, రంగును మాత్రం పోనివ్వదనీ గబగబా తెలుగులో చెప్పేశాను. తమిళంలో, ఇంగ్లీషులో బట్టీ పట్టిందంతా మా ఇంటి మాటల్లోకి వచ్చేసరికి, నాకే అప్పుడు అర్థమైంది. సంతోషం పట్టలేకపోయాను.

నాన్న స్టూలు ఇంకా ముందుకు జరుపుకున్నాడు.

“ఏందే ఇది, మళ్ళా ఉబ్బుతా ఉండాదే! బతికే ఉండాదా?”

“బతికే ఉండాది నాన్నా!”

ఆయన తలెత్తి, “కామర్సులో ఇది చూపిస్తారా?” అని టీచర్‌ని తమిళంలో అడిగాడు. టీచర్ నవ్వుతూ తల అడ్డంగా ఊపారు. నాన్న మళ్ళీ కన్ను ఆనించాడు.

బయటికొచ్చాక ఆఫీసు వైపు తిరగలేదు. నేరుగా మోపెడ్ దగ్గరికి నడిచాడు. స్టాండు తీస్తూ అన్నాడు:

“ఇంకోసారి ఉప్పు తెమ్మంటే నాకు చెప్పు. నేనే కలిపిస్తాను. నీది మీ అవ్వ చెయ్యి.”